పొలమునకు వైఫై: ప్రసార శక్తి పెంచినచో లాభమున్నదా?

ఇంటి వద్దనున్న ఇంటర్నెట్టును పొలములోని బోరు వరకు అందించి, మోటారును ఇంటినుండియే వేయుటకు, ఆపుటకు ఏర్పాటు చేసికొనవలెనని కోరు రైతులు ఏటేట హెచ్చుచున్నారు. ఇది విలాసమునకై కలిగిన కోరిక కాదు. కరెంటు రాత్రివేళ వచ్చు చోట్ల స్టార్టరు నొక్కుటకై చీకటిలో గట్ల వెంట నడిచి పోవలసియుండును. తడిచేతితో స్టార్టరు ముట్టి ప్రాణము పోగొట్టుకొన్న వారిని గురించి, గట్టుమీద పాముకాటునకు గురియైన వారిని గురించి వినని రైతు మన ప్రాంతమున అరుదు. కనుక ఆ నడకను తప్పించు సాధనము ఏదైనను శ్రద్ధతో పరిశీలింపదగినదే. నేను బోధించునది సస్యశాస్త్రము, రేడియో శాస్త్రము కాదు. అయినను నేలలోని తేమను కొలుచు పరికరములు, మోటారును దూరమునుండి నడుపు పరికరములు సేద్యపు పనిముట్లలో చేరినందున వీని సంగతియు తెలిసికొనక తప్పుట లేదు.

సిగ్నలు అందనప్పుడు రైతు మొట్టమొదట అడుగు ప్రశ్న, "సార్, దీని పవరు పెంచుకోవచ్చా?" అనునది. పెంచుటకు మార్గములు కలవు. కాని అట్లు పెంచినందువలన మోటారు తిరుగునా, అందుకు పెట్టిన డబ్బు దక్కునా అనునది వేరు ప్రశ్న.

శక్తిని ఎట్లు పెంచుదురు?

ఇంటిలోని వైఫై పెట్టె, అనగా రౌటరు, సాధారణముగా 100 మిల్లీవాట్లకు కొంచెము అటు ఇటుగా శక్తిని గాలిలోనికి పంపును. ఇది ఒక వాటులో పదియవ వంతు. దీనిని పెంచుటకు కొందరు పెట్టెలోని సాఫ్ట్‌వేరును మార్చి, ఎక్కువ శక్తిని అనుమతించు వేరొక దేశము పేరు అందులో వ్రాయుదురు. మరికొందరు పెట్టెకును ఆంటెన్నాకును నడుమ ఆంప్లిఫయరు తగిలింతురు. బజారులో "బూస్టరు" అను పేరున అమ్మునది ఎక్కువగా ఇదియే.

సాఫ్ట్‌వేరు మార్చు పద్ధతికి పేరుపడినది 2002 చివర విడుదలయైన లింక్‌సిస్ కంపెనీ వారి డబ్ల్యూఆర్‌టీ54జీ అను రౌటరు. దాని సాఫ్ట్‌వేరు మూలము 2003లో బహిరంగమైన తరువాత, ఔత్సాహికులు తయారుచేసిన డీడీ-డబ్ల్యూఆర్‌టీ వంటి సాఫ్ట్‌వేర్లలో ప్రసార శక్తిని 251 మిల్లీవాట్ల వరకు వ్రాసికొను వీలు కలిగినది. అయితే గడిలో అంకె వ్రాసినంత మాత్రమున ఆంటెన్నానుండి అంత శక్తి వెలువడదు. లోపలి ఆంప్లిఫయరు తన శక్తికి మించి పనిచేయవలసి వచ్చినప్పుడు వేడెక్కును. తరంగము ఆకారము చెడును. వైఫై తరంగములో ఎత్తైన శిఖరములుండును. ఆంప్లిఫయరు చాలనిచో ఆ శిఖరములు తెగిపోవును. తెగిన తరంగములో సమాచారము చెడుటయే కాక, ప్రక్క ఛానళ్లలోనికి చెత్త చిమ్మును. వినుటకు చీలిపోయిన మైకు ఎట్లుండునో ఇదియు అట్టిదే: శబ్దము హెచ్చినది, మాట తెలియలేదు. పైగా వేసవిలో రేకుల షెడ్డులో ఉంచిన పెట్టెకు అదనపు వేడి ఎంత చేటో వేరుగా చెప్పనక్కరలేదు.

మంచెమీది కాపరి

పై చిక్కులన్నియు లేవనుకొన్నను, ఒకవైపు మాత్రమే శక్తి పెంచుటలో ఒక మౌలికమైన లోపమున్నది. జొన్నచేనిలో మంచెమీద కాపలావాడు కూర్చున్నాడనుకొనుడు. ఇంటినుండి మీరు మైకు పెట్టి పిలిచినచో అతనికి చక్కగా వినబడును. అతడు "ఆఁ, వింటున్నా" అని కేక వేయును. ఆ కేక మీ ఇంటివరకు రాదు. జవాబు రానందున మీరు మరల పిలుతురు, మరల పిలుతురు. వైఫై సరిగా ఇట్లే నడచును. పంపిన ప్రతి ముక్కకును అవతలి పరికరము అందినదని బదులు చెప్పవలెను. బదులు రానిచో అదే ముక్కను తిరిగి పంపును. కొన్నిమార్లు ప్రయత్నించి విడిచిపెట్టును.

బోరు వద్దనున్న కంట్రోలరు చిన్న పరికరము. దాని శక్తి మీ ఇంటి పెట్టెకు పెట్టిన బూస్టరుతో పెరుగదు. అందువలననే బూస్టరు తగిలించిన తరువాత పొలములో నిలిచి ఫోను చూచినచో సిగ్నలు గీతలన్నియు నిండుగా కనిపించును గాని పని మాత్రము జరుగదు. గీతలు మీరు వినుచున్నదానిని చూపును, మీ మాట అవతలివారికి వినబడుచున్నదని చూపవు. రెండు వైపుల శక్తిని పెంచు ఆంప్లిఫయర్లు లేకపోలేదు. అవి వచ్చు సిగ్నలుతోపాటు గాలిలోని రొదను కూడ పెంచును, తమ రొదను కొంత చేర్చును.

లెక్క ఏమి చెప్పుచున్నది?

రేడియో లెక్కలలో డెసిబెల్ అను కొలత వాడుదురు. 3 డెసిబెల్లు హెచ్చినచో శక్తి రెట్టింపు. 10 హెచ్చినచో పది రెట్లు. అడ్డములేని బయలులో దూరము రెట్టింపు కావలెనన్న శక్తి నాలుగు రెట్లు కావలెను. 100 మిల్లీవాట్లను 200 చేసినచో 400 మీటర్లు అందుచున్నది 560 మీటర్లు అందును, అంతే.

ఇప్పుడు ఇల్లు, బోరు 400 మీటర్ల దూరమున ఉన్నవనుకొందము. వైఫై వాడు 2.4 గిగాహెర్ట్జ్ తరంగము అడ్డములేని 400 మీటర్లలో 92 డెసిబెల్లు తగ్గును. 100 మిల్లీవాట్ల పెట్టె, రెండు కొసల మామూలు పుల్ల ఆంటెన్నాలు వేసి లెక్కించినను, అవతల చేరునది మైనస్ 68 డెసిబెల్ స్థాయి. మోటారు వేయుటకు, ఆపుటకు మైనస్ 85 వరకు దిగినను చాలును. అనగా లెక్క ప్రకారము ఇంటి పెట్టెకున్న శక్తియే 400 మీటర్లకు చాలి, ఇంకను మిగులుచున్నది!

అట్లయిన మన పొలములో ఏల అందుట లేదు? పెట్టె ఇంటి నడిగదిలో బల్లపై నున్నది. రెండు మూడు గోడలు, ఒక స్లాబు దాటి వెలుపలికి వచ్చుసరికే సిగ్నలు చాలవరకు హరించుచున్నది. దారిలో చెట్లున్నవి, పైరున్నది. అవతల కంట్రోలరు ఇనుప స్టార్టరు పెట్టెలోనో, రేకుల షెడ్డులోనో బిగింపబడియున్నది. ఇనుప రేకు గుండా రేడియో తరంగము చొరదు. జబ్బు దారిలో నుండగా మందు పెట్టెకు వేయుచున్నాము. నీరు కాలువలో ఇంకిపోవుచుండగా పెద్ద మోటారు దించుట వంటిది ఈ పని.

పైరు పెరిగిన తరువాత

రైతులు ప్రత్యేకముగా గమనింపవలసినది ఇది. జూన్ మాసములో దుక్కి చేసిన బయలులో అమర్చిన లంకె చక్కగా పనిచేయును. ఆగష్టులో మొక్కజొన్న తలెత్తు పెరిగినంతనే తెగిపోవును. అమర్చినవాడు మోసగించెనని రైతు తలచును. పరికరము చెడెనని అమర్చినవాడు తలచును. చెడినదేమియు లేదు. పచ్చని ఆకు నీటితో నిండియుండును, నీరు ఈ తరంగమును మ్రింగును. వాన వెలిసిన వెంటనే, ఆకులు తడిగానున్నప్పుడు నష్టము ఇంకను హెచ్చు. వానచినుకుల వలన 2.4 గిగాహెర్ట్జ్ తరంగమునకు కలుగు నష్టము లెక్కింపదగినది కాదు. చేటు తడిసిన ఆకువలననే.

చెట్ల విషయమున ఇంజనీర్లు వాడు వీజ్‌బర్గర్ సూత్రము ప్రకారము, 14 మీటర్ల మందముగల ఆకు దట్టము 8 డెసిబెల్లను హరించును; అనగా ఆరవవంతు మాత్రమే అవతలికి పోవును. మందము 100 మీటర్లయినచో నష్టము 25 డెసిబెల్లు, అనగా మూడువందల రెట్లకు పైమాట. ఇంత నష్టమును శక్తితో పూరింపవలెనన్న 100 మిల్లీవాట్లకు బదులు 30 వాట్లు కావలెను. ఏ బూస్టరుతోను ఇది సాగదు, చట్టము సాగనీయదు. అదే మామిడితోపు పైనుండి సిగ్నలు పోవునట్లు ఆంటెన్నాను ఎత్తినచో ఆ నష్టములో చాలభాగము ఖర్చులేకయే తప్పును.

ఎత్తు, ఆంటెన్నా, కేబులు

ఎంత ఎత్తు పెట్టవలెను? ఒక కొసనుండి చూచినచో రెండవ కొస కనబడవలెను. అయితే కనబడినంత మాత్రమున చాలదు. రేడియో తరంగము దారము వలె సన్నగా పోదు. రెండు కొసల సన్నగా, నడుమ లావుగా, దోసకాయ ఆకారమున పోవును. 400 మీటర్ల లంకెకు నడిమధ్యన ఈ దోసకాయ సగము లావు మూడున్నర మీటర్లు. అందులో కనీసము అరవైవంతులు, అనగా రెండు మీటర్లకు పైగా, అడ్డములేక ఉండవలెను. పూతకు వచ్చిన మొక్కజొన్న రెండున్నర మీటర్లు అనుకొన్నచో రెండు వైపుల ఆంటెన్నాలు సుమారు 5 మీటర్ల ఎత్తున నుండవలెను. చెరకునకు 6 మీటర్లు పెట్టుట మంచిది. దూరము ఒక కిలోమీటరు అయినచో నడుమ వదలవలసిన జాగా మూడున్నర మీటర్లకు చేరును. ఈ ఏడు వేసిన పైరును మాత్రమే చూచి గొట్టము పాతరాదు. వచ్చే ఏడు వేయదలచిన పైరును, నడుమ నున్న పొరుగువారి చేనిని కూడ ఆలోచింపవలెను.

పుల్ల ఆంటెన్నా నలుదిక్కులకు శక్తిని చల్లును. మనకు కావలసినది ఒకే దిక్కు. వెదజల్లు పద్ధతిలో విత్తనము ఖర్చెక్కువ. గొర్రుతో సాలు పట్టి వేసినచో ఆదా. 14 డెసిబెల్ల ప్యానెల్ ఆంటెన్నా ఒకటి పుల్ల ఆంటెన్నాకంటె 12 డెసిబెల్లు మేలు. రెండు కొసలకు పెట్టినచో మొత్తము 24 డెసిబెల్లు, అనగా 250 రెట్లు. ఈ లాభము మాట్లాడునప్పుడే కాదు, వినునప్పుడు కూడ కలుగును. కాపలావాని కేకను కూడ మీ చెవికి చేర్చునది ఇదియే. బూస్టరునకు లేని గుణమిది.

కేబులు విషయమున చాలమంది నష్టపోవుచున్నారు. పెట్టెను క్రింద గదిలో నుంచి, ఆంటెన్నాను గొట్టముపై కట్టి, నడుమ పది మీటర్ల సన్న కోయాక్సియల్ కేబులు వేయుదురు. ఆర్‌జీ-58 రకము సన్న కేబులు ఈ తరంగమును మీటరుకు సుమారు ఒక డెసిబెల్ తినివేయును. పది మీటర్లలో పదింట తొమ్మిదివంతులు కేబులులోనే పోయినవి! లావు కేబులు వాడినచో నష్టము తగ్గును, ధర హెచ్చును. అంతకంటె మేలైనది ఆంటెన్నాతో కలిసియున్న బయటి రకపు పెట్టెను గొట్టముపైననే బిగించి, మామూలు ఇంటర్నెట్ తీగద్వారా కరెంటును సమాచారమును రెంటిని పైకి పంపుట. ఆ తీగ 100 మీటర్ల వరకు పొడవుండవచ్చును.

ఎత్తు, దిశ ఎంతటి పని చేయగలవో తెలుపుటకు వెనెజులా దేశములో జరిగిన ప్రయోగమును చెప్పుదురు. ఎర్మన్నో పియెట్రోసెమోలి అను ఆచార్యుడు 2006లో 279 కిలోమీటర్లు, 2007లో 382 కిలోమీటర్ల దూరము వైఫై లంకె వేసెను. వాడినవి పైన చెప్పిన లింక్‌సిస్ రౌటర్లే. ఆంప్లిఫయరు పెట్టలేదు. పాత ఉపగ్రహ డిష్షులను ఆంటెన్నాలుగా వాడి, ఒక కొసను 4,000 మీటర్లకు పైనున్న పర్వతముపై నిలిపెను. 382 కిలోమీటర్ల లంకెకు సాఫ్ట్‌వేరులో మార్పు చేసిన మాట నిజము; అది శక్తి పెంచుటకు కాదు, అంత దూరమునుండి బదులు వచ్చువరకు ఓపిక పట్టునట్లు చేయుటకు. మన పశ్చిమ గోదావరి జిల్లాలో కూడ 2000 దశకము మధ్యలో బైర్రాజు ఫౌండేషన్ వారి అశ్విని పథకము క్రింద గ్రామములకు ఇంటర్నెట్టు అందించినది ఇట్టి దూరపు వైఫై లంకెలే. అక్కడను టవర్లు, దిశగల ఆంటెన్నాలే ఆధారము.

చట్టము, ఇరుగుపొరుగు

మన దేశములో 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి లైసెన్సు అక్కరలేదని 2005 జనవరిలో వెలువడిన నియమములు చెప్పుచున్నవి. అయితే హద్దులున్నవి. ట్రాన్స్‌మిటరు శక్తి ఒక వాటు మించరాదు. ఆంటెన్నా బలమును కలుపుకొని వెలువడు శక్తి 4 వాట్లు, అనగా 36 డెసిబెల్ స్థాయి, మించరాదు. ఆంటెన్నా ఎత్తు అనుమతిగల కట్టడపు పైకప్పునకు 5 మీటర్లలోపు ఉండవలెను. కనుక గొట్టమును ఇంటి డాబాపైనను, అవతల బోరు షెడ్డుపైనను నిలుపుట తగును. 100 మిల్లీవాట్ల పెట్టెకు 14 డెసిబెల్ల ఆంటెన్నా పెట్టినచో వెలువడునది రెండున్నర వాట్లు, హద్దులోనే యున్నది. 24 డెసిబెల్ల పెద్ద గ్రిడ్ డిష్షు పెట్టినచో 25 వాట్లగును, అది నేరము. అట్టి డిష్షు వాడదలచినవారు పెట్టె శక్తిని 16 మిల్లీవాట్లకు తగ్గించుకొనవలెను. శక్తిని మార్చుటలో నేను సిఫారసు చేయు మార్పు ఇది ఒక్కటే: తగ్గించుట. వినికిడి లాభము ఎట్లును మిగులును గనుక, తగ్గించిన పిమ్మటను లంకె బాగుగనే నడచును.

ఈ తరంగము అందరి సొత్తు. ఇందులో ఒకదానిమీదికి ఒకటి రాని ఛానళ్లు మూడే: 1, 6, 11. ప్రతి పెట్టెయు ముందు విని, ఎవరును మాట్లాడుట లేదనుకొన్నప్పుడే మాట్లాడును. మీరొక్కరు గొంతు పెంచినచో చుట్టుప్రక్కల పెట్టెలన్నియు ఆగి నిలుచును. అప్పుడు వారును పెంచుదురు. ఒకరు 300 అడుగుల బోరు వేయగా ప్రక్కవారు 500, వారి ప్రక్కవారు 800 అడుగులు వేసి, చివరకు అందరి మోటార్లు గాలి లాగిన సంగతి మనకు తెలియనిది కాదు.

5 గిగాహెర్ట్జ్ వైఫైకి 2018లో మన దేశములో ఆరుబయట వాడుకకు కూడ సడలింపు లభించినది. ఈ తరంగమును హద్దు మీరి వాడుట వాతావరణ రాడార్లకు ముప్పు. అమెరికాలో విమానాశ్రయముల వద్ద గాలివానలను కనిపెట్టు రాడార్లు 5600 నుండి 5650 మెగాహెర్ట్జ్ వరకు పనిచేయును. 2009లో పోర్టోరికోలోని శాన్‌హువాన్ వద్ద బయట అమర్చిన ఇంటర్నెట్ పెట్టెలు ఆ రాడారు తెరపై లేని మేఘములను చూపించినవి. మన మచిలీపట్నము, విశాఖపట్నము రాడార్లు వాడునది వేరు తరంగము. అయినను తుపాను కబురుపై ఆధారపడు రైతు ఈ సంగతి తెలిసియుండుట మంచిది. వాడుకదారు దేశము పేరు మార్చి శక్తి పెంచుకొనుటకు వీలుండునట్లు రౌటర్లు అమ్మినందుకు టీపీ-లింక్ కంపెనీ 2016లో అక్కడి ప్రభుత్వమునకు 2 లక్షల డాలర్లు చెల్లించినది.

సెల్‌ఫోను సిగ్నలు బూస్టరు విషయము ఇంకను తీవ్రమైనది. ఆ తరంగములు కంపెనీలు లైసెన్సు పొంది వాడునవి. అనుమతిలేక ఇంటిపై బూస్టరు పెట్టుట చట్టవిరుద్ధము. నాసిరకపు బూస్టరు తన అరుపు తానే విని ఈలవేయుట మొదలుపెట్టినచో, ఊరి టవరు చెవి చెవుడగును. ఊరందరి ఫోన్లు తెగును. ఆపదలో 108కి ఫోను చేయువారి మాట కూడ అందులో పోవచ్చును.

కొనుటకు ముందు

బోరు వద్ద సెల్ సిగ్నలున్నచో వైఫై లంకె అసలక్కరలేదని నా అభిప్రాయము. సిమ్‌కార్డుతో పనిచేయు మొబైల్ స్టార్టరు చాలును. సెల్ సిగ్నలు లేక, మోటారు వేయుట, నేల తేమ చూచుట మాత్రమే కావలసినవారు 865–867 మెగాహెర్ట్జ్ తరంగముపై నడచు లోరా రకము పరికరములను విచారింపుడు. ఈ తరంగమునకును 2005 నుండి హద్దులతో లైసెన్సు మినహాయింపున్నది. అదే దూరమునకు వైఫైకంటె 9 డెసిబెల్లు తక్కువ నష్టపడును. ఆకులగుండ కూడ మేలుగా పోవును. కెమెరా పెట్టి బొమ్మ చూడదలచిన వారికే వైఫై లంకె అవసరము.

ఏది పెట్టినను, లంకె తెగినప్పుడు మోటారు ఏమి చేయునో అమర్చువానిని ముందుగా అడిగి తెలిసికొనుడు. తెగిన కొన్ని నిమిషములకు కంట్రోలరు తనంతట తానే మోటారును ఆపవలెను. నీరు లేనప్పుడు, ఒక ఫేజు పోయినప్పుడు ఆపు రక్షణ కూడ బోరు వద్దనే యుండవలెను గాని సిగ్నలుపై ఆధారపడి యుండరాదు. పాత స్టార్టరు బటను తీసివేయరాదు. మోటారువద్ద పని చేయుటకు పోవువారు మెయిన్ స్విచ్చి తీసి పోవలెను. ఇంటివద్దనున్న పిల్లవాడు ఫోనుతో మోటారు వేయవచ్చునని మరువరాదు.

గొట్టము నిలుపునప్పుడు కరెంటు తీగలనుండి గొట్టము పొడవుకంటె హెచ్చు దూరమున నిలుపుడు. అది ఏ వైపు ఒరిగినను తీగపై పడరాదు. విద్యుత్ స్తంభమునకు ఆంటెన్నా కట్టరాదు. బయలులో ఎత్తైన ఇనుప గొట్టము పిడుగును పిలుచును గనుక దానికి మంచి ఎర్తు వేయవలెను. ఉరుములు వినబడగనే ఆ పని వదలి ఇంటికి పోవలెను. అమర్చిన రోజున పరికరము చూపు సిగ్నలు అంకెను ఒక పుస్తకములో వ్రాసికొనుడు. పైరు పూతకు వచ్చిన తరువాత, వాన వెలిసిన ఉదయమున మరల చూడుడు. పదికి మించి తగ్గియున్నచో గొట్టమును ఒక మీటరు ఎత్తుటయో, అడ్డమువచ్చు కొమ్మలను కొట్టుటయో చేసి మరల కొలువుడు.